ఏడో ఆకులోని నలభై దీపాలు

చదివే అమ్మలకూ అయ్యలకూ నమస్కారం. నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై ఎనిమిదేళ్లు దాటాయి. ఒకచోట పెట్టవలసిన ఒత్తు ఇంకోచోట పెడుతుంటాను, పొట్టి అక్షరానికి దీర్ఘం తగిలిస్తుంటాను. చెయ్యి కూడా నిదానం. ఈ ఒక్క అధ్యాయం రాయడానికి కంది విత్తినప్పటి నుంచి కోసేదాకా పట్టింది. తప్పులు కనిపిస్తే మనసులోనే దిద్దుకుని ముందుకు సాగండి. కథను మాత్రం జాగ్రత్తగానే చూసుకున్నాను.

కొత్తగా చదివేవారి కోసం ఇంతవరకు జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. చిత్రకందర దేశపు రాజుకు కువలయ అని ఆరేళ్ల కూతురు. ఊర్ధ్వకేశుడనే మాంత్రికుడు రాజు మీద పగతో ఆ పిల్ల నీడను ఎత్తుకుపోయి, నీలిలోయలోని తన కోటలో దాచాడు. నీడ పోయిన పిల్ల రోజుకింత పలచబడి గాజుబొమ్మలా అవుతోంది. ఏడో రోజు పొద్దు వాలేలోగా ఆ నీడ తిరిగి వచ్చి పాదాలను తాకాలి. లేకపోతే పిల్ల మిగలదు. నీడ కోసం ఆమె అన్న మణికేతుడు ఒక్కడే రావాలని మాంత్రికుడు షరతు పెట్టాడు. పైగా నవ్వుతూ పన్నెండు తాటాకుల పొత్తం ఒకటి అతని ఒళ్లో పడేశాడు. "దారీ, తాళమూ, ప్రమాదమూ అన్నీ ఇందులోనే రాశాను. నీకు చదువు వచ్చు కదా" అన్నాడు. పిల్లను తెచ్చి లోయ ఉత్తరపు అంచున గుడారంలో ఉంచారు. ఇది ఆ ఏడో రోజు ఉదయం.

*

మణికేతుడి గుర్రం చామరం ఉప్పుగా మారిపోయింది.

ఒక్క క్షణం కిందటి వరకు సకిలిస్తూ గిట్టలతో నేల తవ్వుతున్న తెల్లగుర్రం, ముందుకాలు ఎత్తింది ఎత్తినట్టే బిగుసుకుపోయింది. మణికేతుడు దాని మెడ మీద చెయ్యి వేస్తే గరగరమని పొడి రాలింది. వేలు నాలుకకు తగిలితే ఉప్పన. అతని రెండో చేతిలో తెల్లశంఖం ఇంకా వెచ్చగానే ఉంది.

ఎదురుగా నీలిలోయ ద్వారం. ఆ లోయ అందం ఒక నోటితో చెప్పేది కాదు. రెండు పక్కలా నెమలికంఠం రంగు కొండలు. వాటి మీద నుంచి పాలనురగలా జారే మంచు. మంచు మధ్య వెండి మువ్వల్లా వేలాడే తెల్లని పూలతీగలు. గాలి వీస్తే ఆ పూలు నిజంగానే మోగుతాయి. ద్వారానికి ఇరువైపులా ఏనుగంత ఎత్తైన చంద్రకాంత స్తంభాలు, వాటి పాదాల దగ్గర వరసగా మూడు శంఖాలు, తెల్లది, ఎర్రది, నల్లది. తెల్ల శంఖం ఊదితే దారి తెరుచుకుంటుందని మొదటి ఆకులో ఉంది. మణికేతుడికి ఆ ఆకు కంఠతా వచ్చు. అందుకే ఊదాడు. ద్వారం తెరుచుకోలేదు. గుర్రం మాత్రం పోయింది.

కళ్లు తుడుచుకునే వ్యవధి కూడా దొరకలేదు. ఆకాశంలో రెక్కల చప్పుడు. గద్ద ముఖాలూ మనిషి కాళ్లూ ఉన్న మాంత్రికుడి భటులు ముగ్గురు కొండ అంచు నుంచి దూకారు. మణికేతుడు పొత్తం నడుముకు బిగించి పరుగెత్తాడు. రాళ్ల మీద జారాడు, మొగలిపొదల్లో దూరాడు, ముళ్లు పట్టుబట్టలను పేలికలు చేశాయి. ఒక గద్ద పంజా తలపాగా ఎగరేసుకుపోయింది. అలా పల్లానికి దొర్లి దొర్లి ఒక తాటాకు గుడిసె గుమ్మంలో పడ్డాడు. లోపల మగ్గం టకటకమని ఆడుతోంది.

"కాళ్లు దులుపుకుని రా బాబూ. పడుగు మీద మట్టి పడతాది" అంది మగ్గం గుంటలో కూర్చున్న ముసలామె, తల ఎత్తకుండానే. ఆమె పేరు పైడమ్మ. మొగుడు పోయి ముప్పై ఏళ్లు. ఆ లోయ అంచున ఒంటరిగా బట్ట నేసుకుని బతుకుతోంది.

"అవ్వా, నా వెనక భటులు వస్తున్నారు."

"ఇనబడతనే ఉంది. ఇదిగో, ఈ కోక సుట్టుకో. ముసుగు నిండా ఏసుకో. ఆ రాట్నం ముందు కూకో. నోరిప్పకు."

గద్దముఖాలు గుమ్మంలో వాలేసరికి, మూలన రాట్నం దగ్గర ముసుగు వేసుకున్న ఒక పడుచు తలవంచుకుని కూర్చుని ఉంది.

"ఎవరది?" అన్నాడు మొదటి భటుడు.

"నా మేనకోడలు. మూగది."

మణికేతుడికి దూది దుమ్ము ముక్కులోకి పోయి గట్టిగా దగ్గు వచ్చింది.

"మూగదైతే దగ్గిందే?"

"మూగోల్లకి దగ్గు రాదేటి? నీకు ముక్కు వంకర. తుమ్ము రాదా?"

రెండో భటుడు మెడ సాచి చూశాడు. "చేతులు చూస్తే మొరటుగా ఉన్నాయి. దీన్నెవడు పెళ్లాడతాడు?"

"నువ్వు సేసుకుంటావేటి? ముసుగు తీసి సూపించమంటావా? ఒక మాట, దీనికి తామర ఉంది. అంటుకుంటాది."

భటులు ఈకలు దులుపుకుంటూ వెనక్కి జరిగారు. రెక్కల చప్పుడు కొండ మీదికి వెళ్లిపోయిన తరువాత పైడమ్మ మగ్గం దిగి, ముసుగు తీసి, అతని గడ్డం కింద గీరుకుపోయిన చోట పసుపు అద్దింది. "ఇప్పుడు సెప్పు. ఏటి పోగొట్టుకున్నావు?"

మణికేతుడు అన్నీ చెప్పాడు. చెల్లెలు ఎలా పలచబడిందో కూడా చెప్పాడు. నిన్న ఆ పిల్ల అరచేతి వెనక దీపం పెడితే వేళ్లలోంచి వెలుతురు ఇవతలికి వచ్చిందట.

"మరి పొత్తం ఉందంటన్నావు. సదివేవా?"

"మూడుసార్లు చదివానవ్వా. ఒక్క అక్షరం పొల్లుపోకుండా."

ఇక్కడ చిత్రకందర దేశపు చదువు గురించి చెప్పాలి. అక్కడ చదువుల పోటీ పెడితే, అడుగున సన్నని చిల్లు ఉన్న రాగిగిన్నెను నీటిలో వదులుతారు. గిన్నె మునిగేలోగా ఎవరు ఎక్కువ ఆకులు గొంతెత్తి చదివితే వారికి పూలదండ. ఆకు మధ్యలో ఆగినవాడు ఓడినట్టే. అర్థం అడిగితే గురువును తప్పుపట్టినట్టు లెక్క. పిల్లలను ఆ దేశంలో ఊపిరి పట్టడం నేర్పించి మరీ బడికి పంపుతారు. మణికేతుడికి తొమ్మిది దండలు వచ్చాయి. అంత వేగంగా చదివేవాడు ఆ దేశంలో లేడు.

"నాకు అక్షరం ముక్క రాదు. ఓపాలి సదువు, ఇందాం" అంది పైడమ్మ.

మణికేతుడు మొదటి ఆకు తీశాడు. ఊపిరి పీల్చాడు. వీణ మీటినట్టు, జలపాతం దూకినట్టు ఒక్క ఊపున చదివేశాడు. గుడిసె చూరు మీది పిచ్చుకలు కూడా ఆగి విన్నాయి.

"గొంతు బాగుంది. ఏటి సెప్పిందీ ఆకు?"

అతను మళ్లీ అదే ఆకు, అదే వేగంతో వినిపించాడు.

"అది ఆకు మాట. నీ మాటలో సెప్పు."

మణికేతుడు ఆకును అటూ ఇటూ తిప్పాడు. తొమ్మిది దండలు వేసుకున్న మెడ సిగ్గుతో వంగింది.

"ఏటీ కాదులే. ముందు ఇది సెప్పు. ఈ పొత్తంలో నీకేటి కావాల?"

"దారి."

"ఏ దారి? లోనికెల్లేదా, బైటికొచ్చేదా, నీడని ఎంటబెట్టుకొచ్చేదా?"

అతను ఎన్నడూ అలా ఆలోచించలేదు. "మూడూ కావాలి."

"అయితే ఈ మూడూ మనసులో ఎట్టుకుని సదువు. ఒక్కో మాటకీ ఆగు."

"ఆకు మధ్యలో ఆగకూడదవ్వా."

"ఆగితే ఏటవుతాది?"

"చదువు చెడుతుంది."

"ఆగకుండా సదివితే గుర్రం ఉప్పయిపోయింది కదా బాబూ."

మణికేతుడు పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, ఒక వాక్యం చదివి ఆగాడు. "తెల్ల శంఖము నూదినవానికి ద్వారము తెరచుకొనును." మళ్లీ ఇంకొకటి. "పడమటి గాలి వీచునపుడు ఊదిన, ఆ శ్వాస వెనుకకు మరలి వాని వాహనమును లవణము చేయును."

"నీ మాటలో."

"గాలి పడమటి నుంచి వీస్తుంటే ఊదకూడదు. ఊదితే..." అతను ఆగాడు. ఇందాక పూలతీగలు ఎటు ఊగాయి? సూర్యుడి వైపు, తూర్పుకు. గాలి పడమటి నుంచే వీచింది. "ఇది నేను కంఠతా పట్టానవ్వా. కంఠతా పట్టి కూడా నా చామరాన్ని నేనే పోగొట్టుకున్నాను."

"ఏడు. కాసేపు ఏడు. ఏడుపయ్యాక రెండో ఆకు తీద్దాం. ఉప్పైంది మల్లీ గుర్రమయ్యే దారి ఏ ఆకులోనైనా ఉందేమో, అదీ ఎతుకుదాం. నాలుగో ప్రశ్న అనుకో."

ఆమె మగ్గం పక్క నుంచి తెల్ల పోగులూ ఎర్ర పోగులూ తెచ్చింది. అర్థమైన ఆకు అంచుకు తెల్లపోగు, అర్థం కాని ఆకుకు ఎర్రపోగు కట్టమంది. "పోగు లాక్కుపోయే నాడె ఒకపాలి ఇటు నుంచి అటు పోయాక, దువ్వెనలాంటి అచ్చుతో కొట్టి బిగిత్తాను. బిగించకుండా పది పోగులు వరసగా ఏసేత్తే అది బట్టవదు, వల అవుతాది. నీ సదువూ అలగే ఉంది బాబూ. పోగులన్నీ ఉన్నాయి."

పొద్దు పైకి వచ్చింది. ఇద్దరూ నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఆకు తిప్పే ముందు ఆమె "ఇందులో ఏటుంటాదో ముందు నువ్వు సెప్పు" అనేది. అతను ఊహించేవాడు. కొన్నిసార్లు ఊహ సరిపోయేది, కొన్నిసార్లు తప్పేది. తప్పినప్పుడు ఆ ఆకు మరీ బాగా గుర్తుండిపోయేది. మూడో ఆకులో ఎదురెక్కి ప్రవహించే ఏరు వచ్చింది. పైడమ్మ నీలిపోగు కండె ఒకటి నేల మీద పెట్టింది. ఐదో ఆకులో పొగపులులు వచ్చాయి. అక్కడ చింతగింజలు పెట్టింది. రోలు తెచ్చి కోట అంది. చూస్తుండగానే గుడిసె నేల మీద లోయంతా పరుచుకుంది.

నాలుగో ఆకు దగ్గర మాత్రం ఇద్దరూ చిక్కుకున్నారు. "నీడ పేరు పెట్టి పిలిచిన రాదు. తానెరిగిన పని చూచిన వచ్చును." మొదటి సగం తెలిసింది. పిలవకూడదు. రెండో సగం ఎన్ని విధాల తిప్పినా తెగలేదు.

"ఏ పని, అవ్వా?"

"నాకేటి తెలుసు. నీ సెల్లి నీకు తెలవాల. తెలీకపోతే ఎర్రపోగు కట్టు. తెలిసినట్టు నటించకు, అంతే."

ఎర్రపోగు కట్టాడు.

ఏడో ఆకు మణికేతుడికి చాలా ఇష్టమైనది. పోటీల్లో అటువంటి వర్ణనలు చదివితే సభ ఊగిపోతుంది. "ముత్యాల పందిరి, పగడాల ఉయ్యాల, మరకతాల మెట్లు, మిట్టమధ్యాహ్నమునందును ఆరక వెలుగు నలువది దీపములు, మాణిక్యాల..."

"ఆగు. ఏటి దీపాలు?"

"నలభై దీపాలవ్వా. అది వైభవం. వర్ణన."

"పట్టపగలు దీపాలేటి? మా ఇంట్లో సీకటి పడ్డాక కూడా నూనె సూసుకుని ఎలిగిస్తాం. ఆడికి పిచ్చా?"

"వైభవం కోసం అలా రాస్తారు."

"వైభవమైతే ఎన్నో దీపాలు అని రాసును. లెక్కెట్టి నలభై అని, పగలు కూడా ఆరవు అని ఎందుకు రాసేడు? నువ్వు కాసేపు సదవడం మాని ఆలోచించు."

ఆమె లేచి గుమ్మం దగ్గర ఎండలో చెయ్యి చాచింది. నేల మీద చేతి నీడ పడింది. చెయ్యి లోపలికి తీసి మూలన చీకట్లో పెట్టింది. నీడ లేదు.

మణికేతుడు గబగబా తొమ్మిదో ఆకు తీశాడు. అందులో ఉంది: నలువది దీపములు ఆరిన క్షణమున కోట కూలును. ఆ వాక్యం చదివిన నాటి నుంచీ అతని ఆలోచన అదే. కోటలో దూరాలి, దీపాలన్నీ ఒక్క వేటున ఆర్పాలి. "అవ్వా, దీపాలు ఆర్పితే..."

"పిల్ల నీడ దేనిమీద నిలబడి ఉంది?"

"ఆ వెలుతురు మీద." అతను రెండు ఆకులూ పక్కపక్కన పెట్టాడు. "మూడుసార్లు చదివాను. ఏడో ఆకూ చదివాను, తొమ్మిదో ఆకూ చదివాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. నా చేత్తో నేనే దాన్ని ఆర్పేసేవాణ్ని."

పైడమ్మ అతని తల నిమిరి, గంజి కలిపి తెచ్చి పెట్టింది. పన్నెండో ఆకులో గుర్రం సంగతి కూడా దొరికింది. కోట కూలిన రోజున ఉప్పు కరిగి ప్రాణం లేస్తుంది. ఆఖరున ఆమె పొత్తం మూసేసి తన ఒళ్లో పెట్టుకుని, "ఇప్పుడు ఆకు సూడకుండా మొత్తం సెప్పు. నాకేటీ తెలీదనుకో" అంది. రెండు చోట్ల తడబడ్డాడు. ఆ రెండు చోట్లూ తెరిచి చూసుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి గబగబా చెప్పలేదు. కళ్ల ముందు కనిపిస్తున్నది చూసి చెబుతున్నవాడిలా చెప్పాడు.

ఆ కోకా ఒక బట్టల మూటా చేతికిచ్చి, "ఇంక ఎల్లు" అంది ఆమె.

*

గాలి తిరిగేదాకా స్తంభాల చాటున వేచి ఉన్నాడు. పూలతీగలు పడమటికి ఊగగానే తెల్ల శంఖం ఊదాడు. నెమలికంఠం రంగు కొండ తలుపులా రెండుగా విడిపోయింది.

లోపల ఏరు కొండ పైకి ప్రవహిస్తోంది. ఒడ్డున తెడ్డు లేని పడవ. నీటి అడుగున రత్నాల రాశులు, బంగారు చేపలు, నవ్వే అప్సరసల ముఖాలు. పడవ తనలోనివాడు చూసిన చోటికే పోతుంది. మణికేతుడు అవతలి గట్టున ఒక మోడు చెట్టును చూస్తూ కూర్చున్నాడు. నీటిలోంచి ఎవరో తియ్యగా పిలిచారు. ఎవరో ఏడ్చారు. ఎవరో అతని తల్లి గొంతుతో మాట్లాడారు. అతను మోడునే చూశాడు. పడవ మోడుకు వెళ్లి తగిలింది.

గట్టు ఎక్కగానే పొగపులులు పన్నెండు చుట్టుముట్టాయి. బూడిదరంగు ఒళ్లు, నిప్పుకణికల కళ్లు. అవి పరుగెత్తేవాణ్నే పట్టుకుంటాయి. అతను నడిచాడు. ఒక పులి ఊపిరి మెడ మీద వేడిగా తగిలింది. మోకాళ్లు పరుగెత్తమన్నాయి. అతను నూలు వడికినట్టు అడుగులో అడుగు వేస్తూ నడిచాడు. పులులు ఒక్కొక్కటే గాలిలో చెదిరిపోయాయి.

కోట గుమ్మం దగ్గర కాపలా ఉన్న గద్దముఖం వాడికి ముసుగు వేసుకున్న పడుచు కనిపించింది. చేతిలో బట్టల మూట.

"నువ్వు పైడమ్మ మూగ మేనకోడలివి కదూ" అని వాడు నాలుగడుగులు దూరం జరిగాడు. "వెళ్లు వెళ్లు, నన్ను ముట్టుకోకు."

లోపల ఏడో ఆకు కళ్ల ముందు నిలబడింది. ముత్యాల పందిరి, పగడాల ఉయ్యాల, మరకతాల మెట్లు. సాయంకాలపు ఎండ ఇంకా మెట్ల మీద ఉంది. అయినా నలభై దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. వాటికి ఎదురుగా పాలరాతి గోడ మీద ఒక చిన్న నీడ, రెండు జడలతో, మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుని ఉంది.

కువలయ అని పిలవబోయిన నాలుకను పళ్లతో నొక్కిపట్టాడు. ఆమె ఎరిగిన పని చెయ్యాలి. ఏ పని? చిన్నప్పటి జోలపాట సన్నగా పాడాడు. నీడ కదల్లేదు. ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ల ఆడాడు. కదల్లేదు. ఉయ్యాల ఊపాడు, చప్పట్లు కొట్టాడు, గుర్రంలా సకిలించాడు. గోడ మీద నీడ అలాగే ఉంది. మెట్ల మీద ఎండ ఒక మెట్టు కిందికి దిగింది.

చివరికి దిక్కుతోచక మెట్ల మీద కూలబడి పొత్తం విప్పాడు. ఎర్రపోగు కట్టిన ఆకు తీశాడు. ఇంకోసారి చూద్దామనుకుని గొంతు విప్పి చదవడం మొదలుపెట్టాడు. "నీడ పేరు పెట్టి పిలిచిన రాదు." ఒక వాక్యం చదివి, ఉదయం నుంచి అలవాటైనట్టుగా ఆగాడు.

పక్కన మెట్టు మీద చల్లగా ఏదో వచ్చి ఆనింది.

అతను మెల్లగా తల తిప్పాడు. గోడ ఖాళీగా ఉంది. నీడ అతని పక్కన కూర్చుని, ఆకులోకి తొంగి చూస్తూ, ముఖం అతని వైపు ఎత్తి ఉంది.

అప్పుడు మణికేతుడికి గుర్తొచ్చింది. తను చదువు సాధన చేసే ప్రతి సాయంత్రం ఆ పిల్ల వచ్చి పక్కన చేరేది. ఆకులోకి తొంగి చూసేది. "అంటే ఏంటన్నయ్యా?" అనేది. "తరవాత ఏమైంది? ఎందుకు?" అనేది. రాగిగిన్నె మునిగిపోతుందని, ఆకు మధ్యలో ఆగకూడదని, అతను చదువుతూనే ఒక చేత్తో ఆమె నోరు మూసేవాడు. ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. అయినా మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చి కూర్చునేది.

"అంటే ఏంటంటే" అన్నాడు మణికేతుడు. "నిన్ను కేకలేసి పిలిస్తే రావు తల్లీ. నీకు ఇష్టమైన పని నేను చేస్తుంటే చూసి వస్తావు. అదీ దీని అర్థం. ఇంత ఆలస్యంగా చెబుతున్నాను." ఆకుకున్న ఎర్రపోగు విప్పి మొలలో దోపుకుని, నలభైలో ఒక దీపాన్ని ప్రమిదతో సహా చేతిలోకి తీసుకున్నాడు. నీడ లేచి ఆ వెలుతురులో అతని పక్కన నిలబడింది.

మిగిలిన ముప్పైతొమ్మిది జ్వాలలూ ఒక్కసారిగా అతని వైపు తిరిగాయి. ఉయ్యాలలో జుట్టు నిలువుగా లేచిన ఒక పొడుగాటి ఆకారం ప్రత్యక్షమైంది. ఊర్ధ్వకేశుడి ముఖంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"ఓరి రాజకుమారా, దీపాలు ఆర్పలేదేం? మీ దేశం వాళ్లంతా ఆర్పుతారే. నీకు ముందు నలుగురు వచ్చారు. నలుగురూ ఒక్క ఊపున ఆర్పి, తమవాళ్లను తామే పోగొట్టుకుని వెళ్లారు. నీకెవరు చెప్పారు?"

"మీరే చెప్పారు, ఏడో ఆకులో" అన్నాడు మణికేతుడు, దీపం చుట్టూ అరచెయ్యి పెట్టుకుంటూ.

మాంత్రికుడు ఒక్క క్షణం నవ్వాడు. తరువాత నవ్వు ఆపి ఆకాశం వైపు చిటిక వేశాడు.

మబ్బులు మందల్లా వచ్చి పడ్డాయి. మెట్ల మీది ఎండ పోయింది. కోట గోడలు మూసుకుపోతుంటే మణికేతుడు ఉత్తరపు దిడ్డివాకిలిలోంచి బయటపడ్డాడు. అది పదో ఆకులోని దారి. దాని చివర రెండు కొండల మధ్య వెదురుచెక్కల వంతెన. కింద అంతు కనిపించని అగాధం. అవతలి గట్టున రాజు వేయించిన తెల్లని గుడారం, దాని మీద చిత్రకందర పతాకం. అందులో కువలయ పడుకుని ఉంది. మబ్బుల వెనక పొద్దు కొండకు జానెడు ఎత్తున ఎర్రగా మసకగా ఉంది.

ఎండ లేదు. ఇప్పుడు నీడకు ఉన్నదల్లా ఆ ఒక్క దీపం.

వంతెన మీద కాలు పెట్టగానే గాలి విరుచుకుపడింది. జ్వాల వంగినప్పుడల్లా నీడ పాదాలు మాసిపోతున్నాయి. నిలబడగానే మళ్లీ వస్తున్నాయి. మణికేతుడు ముసుగు కోకను భుజాల మీదుగా లాగి దీపాన్ని రొమ్ముకు దగ్గరగా పట్టుకుని, గాలికి వీపు పెట్టి, పక్కవాటుగా ఒక్కో చెక్కా దాటాడు. వెనక రెక్కల చప్పుడు వినిపించింది. పరుగెత్తితే దీపం ఆరుతుంది. అతను పరుగెత్తలేదు. ఒక పంజా అతని భుజం చీల్చింది. అప్పుడు కూడా చేతులు తియ్యలేదు.

సగం వంతెన దాటేసరికి జ్వాల బియ్యపు గింజంత అయింది. నీడ నడుము దాకా కరిగిపోయింది. అది మెల్లగా అతని ఒంటి మీదికి పాకి, రొమ్ము మీద చేరి, రెండు చిన్న చేతులూ చాచి, దీపం చుట్టూ అడ్డం పెట్టింది.

నీడ చేతులు గాలిని ఆపవు. ఆ సంగతి అతను ఆమెకు చెప్పలేదు.

"అలాగే పట్టుకో తల్లీ" అన్నాడు. తరువాతి చెక్క మీద కాలు మోపాడు.

*

మిగతాది వచ్చే అధ్యాయంలో.

రాసినది: కోరాడ సన్యాసమ్మ
వయసు డెబ్బై ఒకటి
ప్రస్తుతం బొబ్బిలిలో, చిన్నకూతురి ఇంట్లో ఉంటున్నాను.